ఖాళీ ప్యాకెట్ ఖరీదు

షాంపూ ప్యాకెట్ మన కంటికి ఆనేది అది నిండుగా ఉన్నప్పుడే. కిరాణా కొట్టు గుమ్మానికి తోరణంలా వేలాడుతూ, రంగురంగుల్లో మెరుస్తూ, ఒక్కటి చాలంటే ఒక్కటే తెంపి ఇచ్చే ఆ దండ మనందరికీ తెలుసు. పంటితో మూల చింపి, అరచేతిలోకి పిండాక ఆ ప్యాకెట్ ఏమైందో మాత్రం ఎవరికీ గుర్తుండదు. బాత్రూం గట్టు మీద రెండురోజులు ఉండి, ఎక్కడికో పోతుంది. ఆ ‘ఎక్కడికో’కి ఒక చరిత్ర ఉంది. ఆ చరిత్రలో ఒక చిన్న విచిత్రం కూడా ఉంది: ఈ దేశంలో ఒకప్పుడు ఖాళీ షాంపూ ప్యాకెట్‌కి ఖరీదుండేది. అయిదు ఖాళీలు తెచ్చిస్తే నిండుది ఒకటి ఊరికే ఇచ్చేవాళ్ళు.

ఆ సంగతికి వచ్చే ముందు కొంచెం వెనక్కి వెళ్ళాలి.

మన ఇళ్ళల్లో తలంటు అంటే కుంకుడుకాయలు, శీకాయ. కాయలు కొట్టి, గింజలు తీసి, వేణ్ణీళ్ళలో నానబెట్టి, పిసికి నురగ తీయాలి. తల రుద్దేటప్పుడు కళ్ళల్లో పడితే పిల్లలు ఇల్లెగిరిపోయేట్టు ఏడ్చేవాళ్ళు, నోట్లో ఉప్పుకల్లు వేసి ఊరుకోబెట్టేవాళ్ళు. అయిపోయాక మిగిలిన పిప్పి చెట్టు మొదట్లో పడేసేవాళ్ళు. చెత్త అనే మాటకి ఆ పనిలో చోటే లేదు. కానీ దీన్ని స్వర్ణయుగం చేసి పాడుకోనక్కర్లేదు. ఆ కాయలు కొట్టే పని, నీళ్ళు కాచే పని, నలుగురైదుగురు పిల్లలకి వరసగా తలంటే పని ఇంట్లో ఆడవాళ్ళదే. పొద్దున్నే కూలికి వెళ్ళాల్సిన మనిషికి అంత తీరిక ఎక్కడిది? అందుకే షాంపూ వచ్చినప్పుడు ఆడవాళ్ళే ముందు దాన్ని ఇష్టపడితే, అందులో ఆశ్చర్యం ఏమీ లేదు.

చిక్కల్లా ధర దగ్గర. షాంపూ సీసా పట్నంలో డబ్బున్న ఇళ్ళ సరుకు. నెల జీతం వచ్చేవాళ్ళు నెలకి సరిపడా కొంటారు. రోజు కూలి తెచ్చుకునేవాళ్ళు రోజుకి సరిపడానే కొంటారు. పావుశేరు పప్పు, గిద్దెడు నూనె, పొట్లంలో కట్టిన కాసింత పసుపు, ఇలా చిల్లరగా కొనడం మన బజారుకి కొత్త కాదు. తేడా ఎక్కడంటే, ఆ నూనె మన సీసాలోనే పోయించుకునేవాళ్ళం. పప్పు పొట్లం పాత పేపరు, పురికొస. వాడకం అయిపోయాక పేపరు పొయ్యిలోకి పోయేది, పురికొస దాచుకునేవాళ్ళం. షాంపూని ఆ పద్ధతిలో అమ్మడం కుదరదు. దానికి కారని, చిరగని, వాసన పోనివ్వని పొట్లం ఒకటి కావాలి.

ఆ పొట్లం తయారైంది తమిళనాడులోని కడలూరులో.

అక్కడ చిన్నికృష్ణన్ అనే ఆయనకి ఒక చిన్న వ్యాపారం ఉండేది. కూలివాళ్ళు, రిక్షా తొక్కేవాళ్ళు కూడా కొనుక్కోగలిగేట్టు వస్తువుని అమ్మాలని ఆయన పట్టుదల. పెద్ద డబ్బాల్లో దొరికే సరుకుని చిన్నచిన్న ప్యాకెట్లలోకి మార్చడమే ఆయన చేసిన పని. ఆయన పోయాక కొడుకులు ‘వెల్వెట్’ షాంపూని ప్యాకెట్లలో జనం మీదికి తెచ్చారు. తర్వాత అన్నదమ్ముల మధ్య తేడాలొచ్చి సి.కె. రంగనాథన్ అనే కొడుకు బయటికొచ్చేశాడు. 1983లో 15 వేల రూపాయలతో సొంత కంపెనీ పెట్టి ‘చిక్’ షాంపూ మొదలుపెట్టాడు. ఆ కంపెనీనే తర్వాత కెవిన్‌కేర్ అయింది.

చిక్ పల్లెల్లోకి ఎలా వెళ్ళిందన్నది ఇప్పుడు మేనేజ్‌మెంట్ పాఠాల్లో చెప్పుకునే కథ. షాంపూ అంటే తెలీని ఊళ్ళలో ఒక కుర్రాడిని కూచోబెట్టి అందరి ముందూ తల రుద్ది చూపించేవాళ్ళు. చుట్టూ ఉన్నవాళ్ళని ఆ జుట్టు ముట్టుకుని వాసన చూడమనేవాళ్ళు. రజనీకాంత్ సినిమాలు వేయించి మధ్యలో ప్రకటనలు వేసేవాళ్ళు. మల్లె, గులాబీ వాసనలు కలిపారు. మన నటి అమల చిక్ ప్రకటనల్లో కనిపించింది. వీటన్నిటి మధ్యలో వచ్చిందే ఆ ఖాళీ ప్యాకెట్ల పథకం. ఏ కంపెనీదైనా సరే, అయిదు ఖాళీ షాంపూ ప్యాకెట్లు తెస్తే చిక్ ఒకటి ఉచితం. జనం వెతికి వెతికి తెచ్చారు. కొన్నాళ్ళకి నియమం మార్చారు, అయిదూ చిక్ ప్యాకెట్లే అయుండాలన్నారు. అమ్మకాలు అమాంతం పెరిగాయి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి చూద్దాం. ఆ పథకం ఊళ్ళు శుభ్రంగా ఉండాలని పెట్టింది కాదు. పక్క కంపెనీ ఖాతాదారుల్ని లాక్కోవడానికి వేసిన ఎత్తు. అయినా అది తనకి తెలియకుండానే ఒక విషయం రుజువు చేసింది. కొన్న చోటుకే ఖాళీని వెనక్కి రప్పించడం సాధ్యమే. కొట్టువాడు పుచ్చుకుంటాడు, కంపెనీ మనిషి లెక్కపెట్టుకుంటాడు, కొనేవాడు దాచిపెడతాడు. ఖాళీకి విలువ కడితే చాలు, అది కాలవలో పడదు. పథకం అయిపోయింది, విలువా పోయింది.

1999లో చిక్ ప్యాకెట్ అర్ధరూపాయికి వచ్చింది. అప్పట్లో పెద్ద కంపెనీల ప్యాకెట్ రెండు రూపాయలు. ఆ దెబ్బకి పెద్దవాళ్ళూ ధరలు దించక తప్పలేదు. మన దగ్గర ఇంకో తమాషా కూడా ఉంది. పేదవాడు చిల్లరగా కొంటే ఎక్కువ పెట్టాలి కదా అనుకుంటాం. షాంపూ విషయంలో చాలాసార్లు సీసాలో కంటే ప్యాకెట్లలో కొంటేనే మిల్లీలీటరు చవక పడుతుంది. అందుకే ఇప్పుడు అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళూ దండ మొత్తం తెంపించుకుపోతున్నారు. ప్యాకెట్ పేదవాళ్ళ వస్తువుగా పుట్టింది కానీ వాళ్ళ దగ్గరే ఉండిపోలేదు.

2004లో సి.కె. ప్రహ్లాద్ పిరమిడ్ అడుగున ఉన్న సంపద గురించి రాసిన పుస్తకం ఈ తరహా వ్యాపారానికి ప్రపంచ ఖ్యాతి తెచ్చింది. పేదవాళ్ళని దానం పుచ్చుకునేవాళ్ళుగా కాకుండా కొనుగోలుదారులుగా చూడాలన్నది ఆయన వాదన. షాంపూ, సబ్బుపొడి, టీపొడి, కాఫీపొడి, కొబ్బరినూనె, పచ్చడి వరకూ అన్నీ ప్యాకెట్లలోకి దూరిపోయిన కాలం అది. పిరమిడ్ అడుగుకి సరుకు ఎలా చేర్చాలో పుస్తకాలు రాశారు. అడుగున పోగుపడే ఖాళీల్ని ఎవరు తీసుకెళ్ళాలన్న ప్రశ్న మాత్రం వ్యాపార ప్రణాళికలో పద్దుగా ఎక్కలేదు.

*

ఈ ప్యాకెట్‌ని ప్లాస్టిక్ చరిత్రలో ఎక్కడ పెట్టాలి?

ప్లాస్టిక్ మొదట పారేసే వస్తువుగా పుట్టలేదు. 1907లో లియో బేక్‌లాండ్ తయారుచేసిన బేకలైట్ స్విచ్చులకి, టెలిఫోన్లకి, రేడియో పెట్టెలకి వాడారు. 1933లో ఇంగ్లండులోని ఒక ప్రయోగశాలలో అనుకోకుండా పుట్టిన పాలిథిన్ రెండో ప్రపంచయుద్ధంలో రాడార్ కేబుళ్ళకి తొడుగైంది. మన్నిక దాని గొప్ప. మన ఇళ్ళల్లోకీ అది బకెట్‌గా, బిందెగా, దువ్వెనగా వచ్చింది. పగిలితే కాల్చిన చువ్వతో అతికేవాళ్ళు. అతుకు కూడా పడకపోతే, పాత సామాన్లకి ఉల్లిపాయలిచ్చే బండివాడు వచ్చినప్పుడు వేసి ఉల్లిపాయలు తీసుకునేవాళ్ళు. అంటే ప్లాస్టిక్ మన బజారులో చాలాకాలం మారకానికి పనికొచ్చిన సరుకు.

మన్నికైన సరుకుతో ఒక ఇబ్బంది ఉంది. ఒకసారి కొన్నవాడు మళ్ళీ రాడు. 1956లో అమెరికాలో ప్యాకేజింగ్ పత్రిక సంపాదకుడు లాయిడ్ స్టౌఫర్ ఈ పరిశ్రమ వాళ్ళకి ఒక సలహా ఇచ్చాడు. ప్లాస్టిక్ భవిష్యత్తు చెత్తబుట్టలో ఉంది, పదేపదే వాడే వస్తువుల గురించి ఆలోచించడం మానేయండి అని దాని సారాంశం. అంతకు ఏడాది ముందే ‘లైఫ్’ పత్రిక, వాడి పారేసే గిన్నెలూ గ్లాసులూ గాల్లోకి ఎగరేస్తున్న ఒక కుటుంబం ఫోటో వేసి, కడుక్కునే పని తప్పిందని సంబరపడింది. పారేయడం జనానికి పుట్టుకతో వచ్చిన అలవాటు కాదు. నేర్పితే నేర్చుకున్నారు.

లెక్కలు చూస్తే ఆ పాఠం ఎంత బాగా ఒంటబట్టిందో తెలుస్తుంది. 2017లో రోలండ్ గేయర్, జెన్నా జాంబెక్, కారా లా అనే ముగ్గురు పరిశోధకులు మొత్తం ప్లాస్టిక్ లెక్క కట్టారు. 2015 వరకూ ప్రపంచం తయారుచేసింది 830 కోట్ల టన్నులు. అందులో సగం చివరి 13 ఏళ్ళలో చేసిందే. చెత్తగా మారిన 630 కోట్ల టన్నుల్లో మళ్ళీ వాడకానికి వచ్చింది సుమారు 9 శాతం, కాల్చింది 12 శాతం. మిగతా 79 శాతం చెత్తకుప్పల్లోనో, నేలమీదో, నీళ్ళల్లోనో ఉంది.

షాంపూ ప్యాకెట్ ఆ 9 శాతంలోకి రావడం దాదాపు అసాధ్యం. కారణం దాని పొరల్లో ఉంది. పైన అచ్చు వేయడానికి ఒక పొర, సాధారణంగా పాలియెస్టర్. మధ్యలో గాలీ వెలుతురూ చొరకుండా అల్యూమినియం రేకో, లోహపు పూతో. లోపల వేడికి అతుక్కునే పాలిథిన్. మూడింటినీ విడదీయలేనంత గట్టిగా అతికిస్తారు. విడివిడిగా ఉంటే కరిగించి మళ్ళీ ఏదో ఒకటి చేయొచ్చు. కలిసిపోయాక ఒకటి కరిగే వేడికి ఇంకోటి కరగదు.

చెత్త ఏరుకునేవాళ్ళకి ఈ రసాయన శాస్త్రం చదవకుండానే తెలుసు. నీళ్ళసీసా ఏరితే కిలోకింత అని రేటుంది. పాల కవరు ఒకే రకం ప్లాస్టిక్ కాబట్టి దానికీ రేటుంది, అందుకే చాలా ఇళ్ళల్లో కడిగి ఆరబెట్టి దాచి అమ్ముతారు. షాంపూ ప్యాకెట్ ఒక్కోటి గ్రాము కూడా తూగదు. కిలో కావాలంటే వెయ్యికి పైగా వంగి ఏరాలి. ఏరినా కొనే గోదాము లేదు. రోజంతా మురిక్కుప్పల్లో చేతులు పెట్టి బతికే మనిషి కూడా వదిలేసి పోయిందంటే, ఆ వస్తువుకి విలువ నిజంగానే సున్నా. మన దేశంలో చెత్తని వేరు చేసే పని చాలావరకూ వీళ్ళమీదే ఆధారపడి ఉంది. వీళ్ళు ముట్టనిది ఇంకెవరూ ముట్టరు.

*

ముట్టనిది ఎక్కడికి పోతుంది? మూడు దారులున్నాయి: నీళ్ళు, పశువులు, నిప్పు.

నీళ్ళ సంగతి ప్రతి వానాకాలం చూస్తూనే ఉన్నాం. 2005 జులై 26న ముంబయిలో ఒక్కరోజులో 944 మిల్లీమీటర్ల వాన పడింది. ఊరు మునిగాక కాలవల్లో పూడుకుపోయిన ప్లాస్టిక్ మీద అందరి వేళ్ళూ చూపించాయి. అంతకుముందే, 1988, 1998 వరదలు చూసిన బంగ్లాదేశ్ 2002లో పల్చటి ప్లాస్టిక్ సంచుల్ని నిషేధించింది.

పశువుల సంగతి మన రాయలసీమ నుంచే దేశానికి తెలిసింది. పుట్టపర్తిలోని కరుణ సొసైటీ అనే జంతు సంరక్షణ సంస్థ, రోడ్ల మీద తిరిగే ఆవుల పొట్టలు కోసి ప్లాస్టిక్ తీయించింది. ఆవు అన్నం మెతుకుల కోసం కవరుతో సహా మింగేస్తుంది. ఆ కవరు నెమరుకి రాదు, పేడలో పోదు. పొట్టలోనే ముద్దకట్టి, మేత పట్టే చోటంతా ఆక్రమిస్తుంది. కడుపు నిండుగా కనిపించే ఆవు ఆకలితో చస్తుంది. ఆ సంస్థ, మరికొందరు కలిసి 2012లో సుప్రీంకోర్టుకి వెళ్ళారు. విచారణలో న్యాయమూర్తులు ప్లాస్టిక్ సంచుల్ని వచ్చే తరానికి అణుబాంబుని మించిన ముప్పుగా పోల్చారు. ఆ మాట మర్నాడు పేపర్లన్నిటా వచ్చింది.

మూడోది నిప్పు. మున్సిపాలిటీ బండి రాని వీధుల్లో, పంచాయతీ శివార్లలో చెత్తకి చివరి మజిలీ అగ్గిపుల్లే. చలికాలం పొద్దున చెత్త ఊడ్చి మంట వేసుకుని చలికాచుకోవడం మనకి మామూలు. ఆకులూ కాయితాలూ ఉన్న రోజుల్లో ఆ మంటతో పెద్ద ప్రమాదం లేదు. ఇప్పుడు అదే కుప్పలో పీవీసీ ముక్కలు, కవర్లు, ప్యాకెట్లు ఉంటాయి. క్లోరిన్ ఉన్న ప్లాస్టిక్ తక్కువ వేడిలో కాలితే డయాక్సిన్లు పుడతాయి. ఇవి కొవ్వులో నిలవుండి, పాలల్లోకీ చేపల్లోకీ చేరి, మనిషికి కాన్సర్ తెచ్చే పదార్థాలు. పొగ ముందు పీల్చేది ఊడ్చే మనిషి, డంపింగ్ యార్డు పక్కన గుడిసె వేసుకున్న మనిషి.

ఇక కాలకుండా, కరగకుండా మిగిలింది ఎండకి పెళుసెక్కి, చిన్నచిన్న ముక్కలై, కంటికి కనిపించని నలుసులౌతుంది. 2004లో రిచర్డ్ థాంప్సన్ బృందం సముద్రపు ఇసుకలో ఈ నలుసుల గురించి రాసినప్పటి నుంచి మైక్రోప్లాస్టిక్ అనే మాట వాడుకలోకొచ్చింది. 2022లో నెదర్లాండ్స్ పరిశోధకులు 22 మంది రక్తం పరీక్షిస్తే 17 మందిలో ప్లాస్టిక్ ఆనవాళ్ళు దొరికాయి. 2024లో ఇటలీ వైద్యులు మెడ రక్తనాళాల్లో పేరుకున్న కొవ్వు తీయించుకున్న 257 మంది రోగుల్ని గమనించారు. వాళ్ళలో 150 మంది కొవ్వులో పాలిథిన్ నలుసులు కనిపించాయి. నలుసులు ఉన్నవాళ్ళకి ఆ తర్వాత సుమారు మూడేళ్ళలో గుండెపోటో, పక్షవాతమో, మరణమో సంభవించే ముప్పు లేనివాళ్ళ కంటే నాలుగున్నర రెట్లు ఎక్కువగా తేలింది. ఆ నలుసులే కారణమని ఈ ఒక్క అధ్యయనం నిరూపించలేదు, నిరూపించామని ఆ వైద్యులూ అనలేదు. కానీ సబ్బు ప్యాకెట్‌కీ గుండెకీ సంబంధం ఏమిటని నవ్వే రోజులు మాత్రం పోయాయి.

*

ప్రభుత్వం ఏం చేస్తోంది అని అడిగితే, చట్టాల చరిత్ర మైక్రాన్లలో ఉంది. 1999 నియమాల్లో సంచి మందం కనీసం 20 మైక్రాన్లు. 2011లో 40. 2016లో 50. 2021 సెప్టెంబరు చివర్లో 75. 2022 డిసెంబరు చివరికి 120. సంచి లావెక్కుతూ వచ్చింది. 2022 జులై 1 నుంచి స్ట్రాలు, ప్లాస్టిక్ స్పూన్లు, ప్లేట్లు, పుల్ల ఐస్‌క్రీమ్ పుల్లలు, బెలూన్ పుల్లలు, స్వీటు డబ్బా మీద చుట్టే పొర దాకా నిషేధించారు. షాంపూ ప్యాకెట్ ఆ జాబితాలో లేదు.

అంతకంటే ఆసక్తికరమైన కథ ఒక వాక్యానిది. 2016 ప్లాస్టిక్ చెత్త నియమాల్లో, మళ్ళీ వాడకానికి పనికిరాని బహుళపొరల ప్లాస్టిక్‌ని రెండేళ్ళలో పూర్తిగా తొలగించాలని రాశారు. ఆ రెండేళ్ళ గడువు పూర్తయ్యే వేళకి, 2018 మార్చిలో సవరణ వచ్చింది. రీసైకిల్‌కి పనికిరానిది అన్న చోట, రీసైకిల్‌కి గానీ, ఇంధనంగా గానీ, మరో ఉపయోగానికి గానీ పనికిరానిది అన్న అర్థం వచ్చేట్టు మార్చారు. ప్లాస్టిక్ పుట్టిందే చమురులోంచి. సిమెంటు బట్టీలో వేస్తే మండని ప్లాస్టిక్ ఏముంటుంది? ఆ నాలుగు మాటల చేర్పుతో షాంపూ ప్యాకెట్ మొత్తంగా బయటపడిపోయింది.

చేతకాక అలా రాశారా అంటే, చేయాలనుకున్నప్పుడు చేయగలిగారు. 2010 డిసెంబరులో సుప్రీంకోర్టు, గుట్కా పొగాకు ప్లాస్టిక్ ప్యాకెట్లలో అమ్మకూడదని చెప్పి, 2011 మార్చి 1 నుంచి అమలు చేయమంది. పొరుగున శ్రీలంక 2021 మార్చి 31 నుంచి ఆహారం, మందులు మినహా, 20 మిల్లీలీటర్ల లోపు ప్యాకెట్లని నిషేధించింది. ఇలాంటి నిషేధాలు రాకుండా ఒక పెద్ద బహుళజాతి కంపెనీ భారత్‌తో సహా కొన్ని ఆసియా దేశాల్లో ఎలా ఒత్తిడి చేసిందో 2022లో రాయటర్స్ వార్తాసంస్థ వివరంగా రాసింది.

ఇప్పుడు మన దగ్గర నడుస్తున్నది ఉత్పత్తిదారు బాధ్యత అనే పద్ధతి. కంపెనీలు తాము బజార్లో వదిలినంత ప్లాస్టిక్ సేకరించి, రీసైకిల్ చేయించినట్టు సర్టిఫికెట్లు చూపాలి. బహుళపొరల ప్లాస్టిక్‌లో 2024-25కి 30 శాతం, 2027-28 నాటికి 60 శాతం రీసైకిల్ చేయాలని లక్ష్యం. కాగితం మీద మంచి ఆలోచనే. అయితే 2023లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తనిఖీ చేస్తే 6 లక్షలకు పైగా దొంగ సర్టిఫికెట్లు బయటపడ్డాయి. ప్యాకెట్లు ఎక్కడున్నాయో అక్కడే ఉన్నాయి. సర్టిఫికెట్లు మాత్రం చేతులు మారాయి.

ప్లాస్టిక్ గురించి మాట్లాడేటప్పుడు మనం చివర్లో ఒక నీతివాక్యం చెప్పుకోవడం మామూలు. గుడ్డసంచి పట్టుకెళ్ళండి, మార్పు మనతోనే మొదలవ్వాలి అని. గుడ్డసంచి మంచిదే. కానీ షాంపూ ప్యాకెట్ కొనే మనిషికి గుడ్డసంచి ఏం పనికొస్తుంది? కూలి డబ్బుల్లోంచి రెండు రూపాయలు తీసి, శుభ్రంగా తలంటుకోవాలనుకోవడం తప్పా? ఆ మనిషి ఎంచుకున్నది షాంపూని. మూడు పొరల ప్యాకెట్‌ని ఎంచుకున్నది వేరేవాళ్ళు. ఆ ఎంపికలో లాభం వాళ్ళకి వెళ్ళింది, కాలవ పూడిక మున్సిపాలిటీకి, పొగ ఊడ్చేవాళ్ళకి, కవరు ఆవుకి మిగిలాయి.

2018లో మహారాష్ట్ర తెచ్చిన నిషేధపు ఉత్తర్వులో పాల కవరు మీద కనీసం అర్ధరూపాయి తిరిగి కొనే ధర అచ్చువేయాలని ఒక షరతు ఉంది. పాల కవరుకి ఆ మాట అనగలిగినప్పుడు, షాంపూ ప్యాకెట్‌కి ఎందుకు అనకూడదు? ఖాళీ ప్యాకెట్ మీద అర్ధరూపాయి ధర వేసి, అమ్మిన కొట్లోనే పుచ్చుకోవాలంటే కంపెనీలు రెండిట్లో ఒకటి చేస్తాయి. వెనక్కి రప్పించుకుంటాయి, లేదా ఆ ఖర్చు భరించలేక ఒకే పొరతో, లేదంటే మన సీసా తీసుకెళ్తే పోసిచ్చే పద్ధతిలో అమ్మడం నేర్చుకుంటాయి. కుదరదని వాళ్ళు చెప్తారు. కోట్ల ప్యాకెట్లు ఊరూరా పంచగలిగిన అవే బళ్ళు ఖాళీగా వెనక్కెళ్తుంటాయన్న సంగతి మనం గుర్తు చేయాలి. నలభై ఏళ్ళ కిందట, చేతిలో కంప్యూటరు లేని రోజుల్లో, అయిదు ఖాళీలకి ఒకటి చొప్పున లెక్కపెట్టి మరీ పుచ్చుకున్నారన్న సంగతి కూడా.

అర్ధరూపాయి నాణెం ఇప్పుడు ఎవరి జేబులోనూ కనిపించదు. 1999లో ఆ నాణెం ఇచ్చి కొన్న ప్యాకెట్లలో, మంటలో పడకుండా తప్పించుకున్నవి మాత్రం ఏ కాలవ అడుగునో, ఏ కుప్ప కిందో ఇంకా ఉన్నాయి. వాటి మీద అచ్చువేసిన కంపెనీల పేర్లు చాలావాటి మీద ఇంకా చదవొచ్చు.